సోలార్ వాటర్ హీటరు

సోలార్ వాటర్ హీటరు అనగా సూర్యరశ్మిలోని వేడిని గ్రహించి ఇంటి అవసరాలకు నీటిని కాచే సాధనము. దీనిని సౌర జలతాపకము అని కూడా అనవచ్చును. సోలార్ విద్యుత్ పలకలు వెలుతురును విద్యుత్తుగా మార్చును. ఈ సాధనము ఎండ వేడిని నేరుగా వాడుకొనును.

చరిత్ర

జెనీవాకు చెందిన శాస్త్రవేత్త హొరేస్ డి సొస్యూర్ 1767లో అద్దాలు బిగించిన పెట్టెలో సూర్యుని వేడిని పట్టి ఉంచవచ్చునని ప్రయోగము ద్వారా చూపెను. 1891లో అమెరికాలోని బాల్టిమోరు వాసి క్లారెన్స్ కెంప్ సౌర వాటర్ హీటరుకు పేటెంటు పొందెను. అందులో పగలు కాగిన నీరు రాత్రికి చల్లారిపోయేది. 1909లో కాలిఫోర్నియాలో విలియం బెయిలీ ఎండను గ్రహించే భాగము నుండి ట్యాంకును వేరుచేసి, దానికి వేడి పోనీయని పొరను చుట్టి ఈ లోపమును సవరించెను.

పనిచేయు విధానము

వేడెక్కిన నీరు తేలికై పైనున్న ట్యాంకులోనికి ఎక్కును. ట్యాంకు అడుగునున్న చల్లని నీరు బరువుగా ఉండుటచే క్రిందికి దిగును. పంపు, కరెంటు లేకుండానే సాగే ఈ ప్రవాహమును థర్మోసైఫన్ అంటారు.

రకములు

* పలక రకము: గట్టి అద్దము క్రింద నల్లని పూత గల రాగి రేకులు, రాగి గొట్టములు ఉండును. ట్యాంకు అడుగు పలక పైఅంచు కంటే సుమారు 1 అడుగు ఎత్తున ఉండవలెను. లేనిచో రాత్రివేళ నీరు వెనుకకు ప్రవహించి చల్లారిపోవును.
* గాజు గొట్టముల రకము: రెండు పొరల గాజు గొట్టములు, పొరల నడుమ శూన్యము ఉండును. శూన్యము గుండా వేడి సులభముగా బయటకు పోదు.

ఇంటిపై అమర్చు విధానము

# పరిమాణము: నలుగురున్న ఇంటికి సాధారణముగా 100 నుండి 150 లీటర్ల హీటరు సరిపోవును.
# దిశ, వాలు: నీడ పడని చోట దక్షిణముఖముగా అమర్చవలెను. శీతకాలములో సూర్యుడు దక్షిణమున వాలి ఉండును గనుక, ఆ ఊరి అక్షాంశమునకు 10 నుండి 15 డిగ్రీలు కలిపి వాలు ఇస్తారు. హైదరాబాదు అక్షాంశము సుమారు 17 డిగ్రీలు. అక్కడ 30 డిగ్రీల వాలు తగును.
# బరువు: 200 లీటర్ల నీరే 200 కిలోలు తూగును. స్టాండు కాళ్ళు దూలము లేక గోడ పైకి వచ్చునట్లు చూడవలెను. తుఫాను గాలులు వీచే కోస్తా ప్రాంతములో బోల్టులతో గట్టిగా బిగించుట తప్పనిసరి.
# చల్లని నీటి ట్యాంకు: దీని అడుగు వేడినీటి ట్యాంకు పైభాగము కంటే ఎత్తున ఉండవలెను.
# గాలి గొట్టము: దీని కొస చల్లని ట్యాంకులోని నీటి మట్టము కంటే పైకి ఉండవలెను. కారుతున్నదని దీనిని ఎన్నడూ మూయరాదు. మూసినచో ఆవిరికి దారి లేక ట్యాంకు పగులవచ్చును. నీరు దిగిపోవునపుడు గాలి అందక లోపలికి నొక్కుకుపోవచ్చును.
# గొట్టములు: మామూలు పీవీసీ వేడికి మెత్తబడును. సీపీవీసీ లేక జీఐ పైపులు వాడి, పైన వేడి పోనీయని తొడుగు వేయవలెను. స్నానాలగది ఎంత దగ్గరైతే నీటి వృథా అంత తక్కువ.

జాగ్రత్తలు

* బోరు నీటిలో లవణములు అధికముగా ఉన్నచో రాగి గొట్టములలో పెచ్చు కట్టి నీటి దారి పూడుకొనును. అట్టిచోట గాజు గొట్టముల రకము మేలు.
* ఎండలో కాగిన ఖాళీ గాజు గొట్టములలో చల్లని నీరు పోయరాదు, అవి పగులును. ఉదయము ఎండ రాకముందే నింపవలెను.
* వేసవిలో నీరు ఒళ్ళు కాలునంతగా కాగును. బకెట్టులో ముందు చన్నీళ్ళు, తరువాత వేడినీళ్ళు పట్టవలెను. పిల్లలు, వృద్ధులు ఉన్న ఇంట ఇది ముఖ్యము.
* మబ్బు రోజులకై ట్యాంకులో అమర్చే విద్యుత్ హీటరుకు ఎర్తింగు ఉండవలెను. ట్యాంకు ఖాళీగా ఉన్నపుడు స్విచ్చి వేయరాదు.

విద్యుత్తు ఆదా

100 లీటర్ల నీటిని 25 నుండి 60 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేయుటకు సుమారు 4 యూనిట్ల విద్యుత్తు కావలెను. ఇది 2 కిలోవాట్ల గీజరు రెండు గంటలు పనిచేసినంత. బాగుగా ఎండ కాసిన రోజున ఈ ఖర్చంతయు మిగులును. 2024లో ప్రారంభమైన పీఎం సూర్యఘర్ పథకపు రాయితీ ఇంటి పైకప్పుపై అమర్చే విద్యుత్ పలకలకు వర్తించునదే గాని వాటర్ హీటర్లకు కాదు.

ఇవి కూడా చూడండి

* సౌరశక్తి
* ఉష్ణ సంవహనము
* సోలార్ కుక్కరు