మేడ మీద కావలసింది నీడ పందిరి

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ఇళ్లలో గ్రీన్‌హౌస్ అనగానే నాలుగువైపులా మూసిన పాలిథీన్ గదే గుర్తొస్తుంది. అది చలిదేశాల అవసరం. లోపలికొచ్చిన ఎండ వేడిని పట్టి ఉంచుతుంది. హైదరాబాద్‌లో జనవరి రాత్రుల సగటు ఉష్ణోగ్రత 15 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. మే పగళ్లు 40ని తాకుతాయి. 35 దాటితే చాలు, టమాటా పూత రాలిపోతుంది. కాబట్టి ఇక్కడి మొక్కకు శత్రువు చలి కాదు, ఎండ. ఇనుప గొట్టాల చట్రం మీద 50 శాతం నీడనిచ్చే షేడ్‌నెట్ కప్పి, పక్కలు గాలికి వదిలేస్తే చాలు.

నెట్ వానను ఆపదు కదా అనవచ్చు. నిజమే, నారు, కొత్తిమీర ఉన్న మూలన మాత్రం జూన్ నుంచి సెప్టెంబరు దాకా పైన వాలుగా పాలిథీన్ పరిస్తే సరిపోతుంది. శివారు రైతులు పాలీహౌస్‌లు వేస్తున్నారుగా అనేవారూ ఉంటారు. వాళ్లు గాలి కిటికీలు, సన్నటి నీటి తుంపర చిమ్మే ఫాగర్లతో వేడిని దించుతారు. పంట అమ్మి ఆ ఖర్చు రాబట్టుకుంటారు. నాలుగు కుండీల ఇంటికి ఆ లెక్క కుదరదు. పక్కలు తెరిచి ఉంటే తేనెటీగల్లాంటి కీటకాలూ వస్తాయి. అవి రాకపోతే బీర, కాకరలకు పిందె పడదు. అయితే మేడ మీద పెట్టే కుండీల్లో తడిమట్టి బరువు ఎక్కువ. స్లాబ్ బలం, గాలివానకు చట్రం బిగింపు ముందే ఇంజినీరుకు చూపించాలి.