ప్లాటినం మందంటే భయమెందుకు?



కిందటేడు మా వార్డులో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఉన్న ఒక తల్లికి మొదటి కీమో పెట్టబోతుంటే చెయ్యి వెనక్కి లాక్కున్నారు. "సిస్టరమ్మా, ఇందులో ప్లాటినం ఉందంట! అబిడ్స్ నగల షాపుల్లో అమ్మే లోహాన్ని నా ఒంట్లోకి ఎక్కిస్తారా? దీనికంటే మా ఊళ్ళో ఇచ్చే భస్మమే నయం" అన్నారు. ఆ రోజు ఆమెకు చెప్పిన సంగతులే ఇక్కడ రాస్తున్నాము.

ఆ మందు పేరు సిస్‌ప్లాటిన్. ఇది లోహపు పొడి కాదు. మనం రోజూ తినే ఉప్పులో సోడియం అనే లోహం ఉంది. అయినా లోహం తిన్నామని అనుకోము కదా! అలాగే ఇందులో ప్లాటినానికి రెండు అమ్మోనియాలు, రెండు క్లోరిన్లు అంటిపెట్టుకొని ఉంటాయి. కణంలోకి వెళ్ళాక క్లోరిన్లు విడిపోతాయి. అప్పుడు ప్లాటినం కణంలోని డి.ఎన్.ఎ.ను గట్టిగా పట్టుకుంటుంది. ఇక ఆ కణం రెండుగా చీలలేక చనిపోతుంది.

ఈ పదార్థాన్ని 1845లోనే ఇటలీకి చెందిన పైరోనె తయారు చేశారు. అయితే 120 ఏళ్ళ వరకు ఇది మందని ఎవరికీ తెలియదు. 1965లో అమెరికా శాస్త్రజ్ఞుడు రోజెన్‌బర్గ్ బాక్టీరియాలోకి కరెంటు పంపి చూస్తుంటే అవి చీలకుండా దారాల్లా సాగాయి. కారణం కరెంటు కాదనీ, ప్లాటినం కడ్డీల నుండి వచ్చిన పదార్థమనీ తర్వాత తేలింది. 1978లో అమెరికాలో దీన్ని మందుగా అనుమతించారు. నాంపల్లి స్టేషనులో దిగి, రెడ్ హిల్స్‌లో 1955 నుండి ఉన్న ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్ళేవారిని రోజూ చూస్తుంటాము. నోరు, గొంతు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు రేడియేషన్‌తో పాటు ఇచ్చే ముఖ్యమైన మందు ఇదే.

అయితే ఇది ఆరోగ్యంగా ఉన్న కణాలను కూడా కొంత దెబ్బతీస్తుంది. కాబట్టి ఈ జాగ్రత్తలు మరువకండి:

• కిడ్నీల రక్షణకే మందుకు ముందూ తర్వాతా సెలైన్ ఎక్కిస్తాము, మూత్రం కొలుస్తాము. ఇంటికి వెళ్ళాక కూడా డాక్టరుగారు చెప్పినంత నీరు తాగాలి.
• మెడికల్ షాపులో మీ అంతట మీరు నొప్పి బిళ్ళలు కొనకండి. వాటిలో చాలావరకు కిడ్నీలకు చెరుపు చేస్తాయి.
• వాంతులు ఆగకపోయినా, 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా, తెల్లవారేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి రండి.
• చెవిలో హోరు, వేళ్ళలో తిమ్మిరి ఉంటే తర్వాతి మందుకు ముందే చెప్పండి.
• భస్మాలు వాడవద్దు. కొన్నింటిలో సీసం, పాదరసం ఉన్నట్లు పరీక్షల్లో తేలింది.

ఆ తల్లి ధైర్యం తెచ్చుకొని చికిత్స పూర్తి చేసుకున్నారు. ఆదివారం ఆరాధనలో కలుస్తుంటారు. కాని చెవిలో హోరు మాత్రం పోలేదు. మందు ఆపేస్తారేమోనని మూడు వారాలు దాచారట. తెలిశాక డాక్టరుగారు మోతాదు మార్చారు. ముందే చెప్పి ఉంటే బాగుండేది.

దేవుడు వైద్యులకు ఇచ్చిన జ్ఞానాన్ని నమ్మండి. మీ బాధను మాత్రం మా దగ్గర దాచకండి. మీ అందరి కోసం ప్రార్థిస్తున్నాము.