రసీదు రాసే చేతికి సాఫ్ట్‌వేర్

2023 జులై 27 తెల్లవారుజామున మోరంచవాగు పొంగి జయశంకర్ భూపాలపల్లి జిల్లా భూపాలపల్లి మండలంలోని మోరంచపల్లిని ముంచెత్తింది. ఆ ఉదయంతో ముగిసిన ఇరవై నాలుగు గంటల్లో ఇదే జిల్లా చిట్యాలలో 616.5 మిల్లీమీటర్లు, పక్కనే ఉన్న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. ఊరి జనం ఇళ్ల కప్పుల మీదికి, చెట్ల మీదికి ఎక్కి ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకున్నారు. పడవలు, హెలికాప్టర్లు వెళ్లి వాళ్లను ఒడ్డుకు చేర్చాయి.

ఇలాంటి ఆపద వచ్చినప్పుడు చేయి చాచి ఇచ్చేవాళ్లకు మన దగ్గర కొదువ లేదు. వాట్సాప్ గ్రూపులో ఒక క్యూఆర్ కోడ్ పడితే చాలు, వందలు, వేలు వచ్చి పడతాయి. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. ఎవరు ఎంత వేశారు, దేనికోసం వేశారు, రసీదు ఎవరికి ఇవ్వాలి, మిగిలిన పైసలు ఏ పద్దులో చూపాలి? ఈ లెక్కంతా రాసేది బడి విడిచాక ఇంట్లో కూర్చునే ఒక టీచరో, కొట్టు మూసిన తర్వాత పుస్తకం తెరిచే ఒక కిరాణా వ్యాపారో. స్వచ్ఛంద సంస్థల కోసం కొత్త సాఫ్ట్‌వేర్ కట్టాలని హైదరాబాద్‌లోనో అమెరికాలోనో అనుకునేవాళ్లు ముందుగా చూడాల్సింది ఈ మనిషినే.

ఆ మనిషిని కాటారంలో చూద్దాం. వరంగల్, భూపాలపల్లి వైపు నుంచి వచ్చినా, మంథని మీదుగా వచ్చినా కాళేశ్వరం యాత్రికులు ఈ ఊరు దాటే వెళ్తారు. 2016 అక్టోబరు 11 దాకా కరీంనగర్ జిల్లాలో ఉన్న మండలం, ఆ రోజు నుంచి జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోకి వచ్చింది. చుట్టూ అడవి పల్లెలు, కొంచెం దూరంలో గోదావరి. ఇలాంటి మండల కేంద్రంలో పదిమంది కలిసి సొసైటీల చట్టం కింద సంఘం రిజిస్టర్ చేసుకుంటారు. రక్తదాన శిబిరమో, పదో తరగతి పిల్లలకు పరీక్ష సామగ్రో, ఆసుపత్రి ఖర్చుకు చందానో వాళ్ల పని. ఆఫీసు ఉండదు, జీతం తీసుకునే గుమస్తా ఉండడు. ఉండేది కార్బన్ కాగితం పెట్టిన రసీదు బుక్కు, ఒక స్మార్ట్‌ఫోను.

వరద సాయంలో ఒక పాత జబ్బు ఉంది. మొదటి మూడు రోజులూ పాత బట్టలు, బిస్కెట్ ప్యాకెట్లు కుప్పలు పడతాయి. మూడో వారంలో పొయ్యి, దుప్పటి, పిల్లల పుస్తకాలు, పశువులకు గడ్డి కావాలంటే పట్టించుకునే నాథుడుండడు. ఈ జబ్బుకు మందుగానే హైదరాబాద్‌లో డొనేట్‌కార్ట్ పుట్టింది. 2015 చెన్నై వరదల్లో సేవ చేసిన అనిల్ కుమార్ రెడ్డి, సందీప్ శర్మ మరుసటి ఏడాది దాన్ని మొదలుపెట్టారు. సంస్థ తనకు కావలసిన వస్తువుల పట్టీ పెడుతుంది, దాత అందులోంచి కొంటాడు, సరుకు నేరుగా సంస్థకే చేరుతుంది. అంతకుముందే 2000లో వెంకట్ కృష్ణన్ గివ్‌ఇండియా అనే విరాళాల వేదికను నెలకొల్పారు. 2010లో మిలాప్, 2012లో కెట్టో వచ్చాయి. ఇచ్చే మనిషికి నమ్మకం కలిగించడం ఎలా అన్నదే వీటన్నిటికీ ముఖ్యమైన ప్రశ్న. అది సరైన ప్రశ్నే, నమ్మకం లేనిచోట రూపాయి కదలదు. అయితే మంచి ఫొటో, కంటతడి పెట్టించే వీడియో, ఇంగ్లిష్‌లో రాసిన కథ ఉన్న సంస్థకే ఆ తెర మీద వెలుగు దక్కుతుంది. కాటారం సంఘం అక్కడిదాకా వెళ్లాలంటే ముందు దాని లెక్కలు తేలాలి.

ఆ లెక్కలు ఎక్కడ తెగుతాయో దగ్గరగా చూడండి. పాత ఆదాయపు పన్ను చట్టం కింద పన్ను మినహాయింపు ఇచ్చే 80జీ అనుమతి ఉన్న సంస్థ, 2021-22 నుంచి ఏటా దాతల వివరాలన్నీ 10బీడీ అనే ఫారంలో ఆదాయపు పన్ను శాఖకు పంపాలి. గడువు మే 31. ఒక్కో దాతకు ఒక్కో వరుస. గుర్తింపు పత్రం రకం, దాని నంబరు, పేరు, చిరునామా, ఇచ్చింది మూలధనానికా లేక ఫలానా పనికా, నగదుగానా వస్తువుగానా బ్యాంకు ద్వారానా, మొత్తం ఎంత అన్నవన్నీ నింపాలి. ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల రుసుము. ఆ పైన పోర్టల్ తయారుచేసే 10బీఈ సర్టిఫికెట్ దాతకు పంపాలి. రెండు వేలకు మించి నగదుగా ఇస్తే మినహాయింపు రాదన్న సంగతి ముందే చెప్పకపోతే దాతతో మాట పడాల్సిందే.

ఇప్పుడు బ్యాంకు స్టేట్‌మెంటు తెరిస్తే యూపీఐ వరుసలో కనిపించేది సగం పేరు, ఒక పొడవాటి నంబరు. పాన్ ఉండదు, చిరునామా ఉండదు. శ్రీనివాస్ అనే ఒకే దాత జనవరిలో ఫోన్‌పేతో ఒక స్పెల్లింగ్‌లో, మార్చిలో భార్య ఖాతా నుంచి ఇంకో పేరుతో వేస్తాడు. బోరు కోసం ఇచ్చిందేదో, వైద్యానికి ఇచ్చిందేదో వాట్సాప్ మెసేజీల్లో వెతుక్కోవాలి. ఏప్రిల్ నెలంతా ఈ వెతుకులాటకే పోతుంది. కొత్త ప్లాట్‌ఫామ్ చేయాల్సిన మొట్టమొదటి పని ఇదే. డబ్బు పడ్డ నిమిషంలోనే దాత ఫోనుకు తెలుగులో రెండు ప్రశ్నలు వెళ్లాలి: ఇది దేనికోసం, రసీదు ఎవరి పేరు మీద? జవాబు రాగానే పద్దు దానంతటదే పడాలి. నగదు ఇచ్చినవాళ్లకు కాగితం రసీదు అక్కడికక్కడే చేతికి రావాలి. సిగ్నల్ లేని ఊళ్లో రాసుకున్నది కాటారం వచ్చాక చేరాలి. ఇంతకన్నా హంగులు తర్వాత చూసుకోవచ్చు.

చట్టం ఉన్నచోట ఉండదు కాబట్టి సాఫ్ట్‌వేర్ ఒకసారి రాసి వదిలేస్తే కుదరదు. కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి సెక్షన్ల నంబర్లే మార్చేసింది. ఆ మార్పును ప్రతి చిన్న సంఘమూ విడివిడిగా ఆడిటర్ దగ్గర నేర్చుకోనక్కర్లేదు. ఒకచోట మారిస్తే అందరికీ మారాలి. ఉమ్మడి వేదిక ఎందుకు కావాలంటే ఇందుకే.

ప్రవాసుల డబ్బు దగ్గర జాగ్రత్త ఇంకా పెరగాలి. 1977లో మొదలైన తెలుగు సంఘం ‘తానా’ కాలం నుంచీ సొంతూరికి ఏదో చేయాలన్న తపన అమెరికా తెలుగువాళ్లలో ఉంది. 1991లో మేరీల్యాండ్ యూనివర్సిటీలో చదువుకుంటూ రవి కూచిమంచి స్థాపించిన ‘ఎయిడ్’ సంస్థ మన దేశమంతటా పల్లెల్లో పనిచేసింది. ఇప్పుడు ఒకే ఇంటి అన్నదమ్ముల్ని తీసుకోండి. అన్న గ్రీన్‌కార్డు మీద ఉన్నాడు, పాస్‌పోర్టు మాత్రం ఇండియాదే. తమ్ముడు అమెరికా పౌరసత్వం తీసుకున్నాడు. అన్న తన సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది దేశీయ విరాళమే. తమ్ముడు పంపిన ప్రతి డాలరూ విదేశీ విరాళం. దాన్ని తీసుకోవాలంటే సంఘానికి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి, డబ్బు ఢిల్లీలో ఎస్‌బీఐ ప్రధాన శాఖలోని ఖాతాలోనే ముందు పడాలి. ఆ చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ నిధిని ఇంకో సంస్థకు బదిలీ చేయడం కూడా నిషిద్ధం. అంటే హైదరాబాద్‌లోని పెద్ద సంస్థ తీసుకుని కాటారానికి పంపే దారి మూసుకుపోయింది. చెల్లింపు పేజీ మీద ‘మీది ఏ దేశ పాస్‌పోర్టు?’ అని ఒక్క ప్రశ్న అడగకుండా తమ్ముడి డబ్బు తీసుకుంటే, తెలియక చేసిన తప్పుకు ఇక్కడి సంఘం సమాధానం చెప్పుకోవాలి. ఆ ప్రశ్న తెర మీద మొదటే ఉండాలి.

దాతల వివరాలు కాపాడటం మరో బాధ్యత. స్వచ్ఛంద సంస్థలకు సాఫ్ట్‌వేర్ అమ్మే రంగంలో ప్రపంచంలోనే పెద్ద కంపెనీల్లో ఒకటైన బ్లాక్‌బాడ్ 1981 నుంచి ఉంది. దాని సర్వర్లలోకి సైబర్ దొంగలు చొరబడ్డ సంగతి 2020 జులైలో బయటపడింది. 13 వేలకు పైగా సంస్థల దాతల సమాచారం దొంగల పాలైంది. 2023 అక్టోబరులో అమెరికాలోని 49 రాష్ట్రాలతో 49.5 మిలియన్ డాలర్లకు ఆ కంపెనీ రాజీ చేసుకుంది. అంత పెద్ద కంపెనీకే తప్పలేదంటే, అవసరం లేని వివరం అసలు అడగకపోవడమే మేలైన రక్షణ. వంద రూపాయలు వేసే మనిషి దగ్గర ఆధార్ కాపీ అడగడం నాకు అన్యాయంగా తోస్తుంది. మన దేశంలోనూ 2023లో వ్యక్తిగత డిజిటల్ డేటా రక్షణ చట్టం వచ్చింది.

అన్నీ కొత్తగా రాయాల్సిన పనీ లేదు. స్వచ్ఛంద సంస్థల కోసమే 2005లో పుట్టిన సివిసీఆర్‌ఎం అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉంది. వాట్సాప్‌లో జనంతో మాట్లాడించే గ్లిఫిక్ మన దేశంలోనే తయారైంది. మన రాష్ట్రంలో స్వేచ్ఛ సంస్థ ఏళ్ల తరబడి తెలుగులో కంప్యూటర్ నడిపించాలని పాటుపడుతోంది. ఈ ముక్కల్ని జోడించి, తెలుగు తెర పెట్టి, మన పన్ను ఫారాలు చేర్చగల ఇంజినీర్లు హైదరాబాద్‌లో కావాల్సినంతమంది ఉన్నారు.

ఖర్చు ఎవరు భరించాలన్న దగ్గర నా అభిప్రాయం స్పష్టం. దానంలో శాతం కోసుకోవడం, చెల్లించే పేజీలో ‘టిప్’ గడి ముందే నింపిపెట్టడం రెండూ మానాలి. 2020 జనవరి నుంచి యూపీఐ మీద వ్యాపారి రుసుము సున్నా. యూపీఐ దానాల మీద ఆ భారం కూడా ఉండదు. పెద్ద సంస్థలు ఏడాదికింతని చందా కట్టాలి, చిన్నవాటికి ఉచితంగా ఉండాలి. ఎప్పుడు వదిలి వెళ్లాలనుకున్నా తమ లెక్కలన్నీ ఒక్క ఫైలుగా పట్టుకెళ్లే హక్కు ప్రతి సంఘానికీ ఉండాలి.

కాటారం మండలం మంథని నియోజకవర్గంలో ఉంది. 2023 డిసెంబరులో రాష్ట్ర ఐటీ మంత్రి అయిన దుద్దిళ్ల శ్రీధర్‌బాబు ఇక్కడి ఎమ్మెల్యే. ఈ ఉమ్మడి వేదిక ప్రయోగం ఇక్కడే మొదలుపెట్టమని అడగడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. కాటారం, మహదేవ్‌పూర్, మహాముత్తారం మండలాల్లోని కొన్ని చిన్న సంఘాలను ఏప్రిల్ నుంచి మార్చి దాకా ఒక పూర్తి ఆర్థిక సంవత్సరం దీని మీద నడిపించాలి. ఎంతమంది లాగిన్ అయ్యారని లెక్కపెట్టడం అనవసరం. ఏడాది ముగిశాక దాతల వివరాల ఫారాన్ని ఆ సంఘం కార్యదర్శి వరంగల్ పరుగెత్తకుండా, తన ఫోన్లోనే, గడువుకు ముందే పంపగలిగాడా అన్నది చూడాలి.