దప్తరానికి కాపలా

మా మేనల్లుడు సంక్రాంతికి వచ్చాడు. భోగినాడు తెల్లవారుజామున మూడింటికి, వీధిలో యింకా మంట వెయ్యకముందే, వసారాలో కూర్చుని లాప్‌టాప్ టకటకలాడిస్తున్నాడు.

"పండగపూట కూడా యేమిట్రా యీ చాకిరీ?" అన్నాను.

"బ్యాంకు లెక్కలకు పండగలుంటాయా మామయ్యా?" అన్నాడు.

వాడు హైదరాబాదులో డేటాబేస్ అడ్మినిస్ట్రేటరు. తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు ఆ వుద్యోగం యేమిటో చాలాకాలం బోధపడలేదు. తీరా విచారిస్తే అది పూర్వపు కరణీకం లాంటిదే! ఆంధ్రప్రదేశ్‌లో 1984లో కరణాలు పోయారు గాని, దప్తరం యెక్కడికి పోతుంది? మన ఖాతాలో నిలవ, రైలు టిక్కెట్టు, ఆస్పత్రి చీటీ, అన్నీ పట్టికలకెక్కి యెక్కడో భద్రంగా వుండాలి గదా! యిలా పట్టికలుగా అమర్చే పద్ధతిని 1970లో ఐ.బి.ఎం. వుద్యోగి ఎడ్గార్ కాడ్ ప్రతిపాదించాడు. ఆ పట్టికలను యెవరు చూడవచ్చు, యెవరు దిద్దవచ్చు, అడిగింది త్వరగా దొరుకుతున్నదా, నకళ్లు సరిగా వున్నాయా అని కనిపెట్టి వుండడమే వీడి పని. అంతా సవ్యంగా వున్నంతకాలం వీడొకడున్నాడని యెవరికీ తెలియదు.

"మరి చెయ్యి జారితే?" అన్నాను.

వాడొక కథ చెప్పాడు. 2017 జనవరి 31 రాత్రి గిట్‌ల్యాబ్ అనే సంస్థలో, పొద్దుపోయేదాకా పనిచేస్తున్న ఒక ఇంజనీరు, ఒక సర్వరులో తీసెయ్యవలసిన సమాచారాన్ని పొరపాటున అసలు సర్వరులో తీసేశాడు. క్షణాల్లో తెలుసుకుని ఆపాడు. అప్పటికే సుమారు 300 గిగాబైట్లలో నాలుగున్నర మిగిలాయి! నకళ్లకు అయిదు యేర్పాట్లున్నాయి. ఒక్కటీ నమ్మదగ్గ స్థితిలో లేదు. నకలు తియ్యడం విఫలమైందని తెలిపే ఈమెయిళ్లు సైతం చేరలేదు. ఆరు గంటల ముందు పరీక్షలకోసం తీసిన ప్రతి ఒకటి గట్టెక్కించింది. ఆ ఆరు గంటల్లో చేరిన సమాచారం మాత్రం దక్కలేదు. సంస్థవారు దాచిపెట్టకుండా జరిగిందంతా లోకానికి వెల్లడించారు.

"నకలు వుండడం వేరు, తెరిచి చూడడం వేరు మామయ్యా," అన్నాడు వాడు.

నాకు బ్రౌను దొర గుర్తుకు వచ్చాడు. ఒక్కొక్క కావ్యానికి పలు తాళపత్ర ప్రతులు తెప్పించి, పండితులచేత సరిపోల్చి చూపించిన మహానుభావుడు!

"నీ పల్లెపాటలకు నకలుందా?" అని వాడే అడిగాడు. పదిహేనేళ్లుగా నా విద్యార్థులు రికార్డు చేసి తెచ్చిన పాటలవి. పాడిన ముసలమ్మల్లో చాలామంది యిప్పుడు లేరు.

"పెన్‌డ్రైవులో వుందిరా," అన్నాను ధీమాగా.

"యెప్పుడైనా తెరిచావా?"

తెరిచాము. చివరి మూడేళ్ల పాటలు అందులో లేనేలేవు! అదృష్టవశాత్తూ నా పాత కంప్యూటరింకా బతికేవుంది. భోగిమంట లేచే వేళకు వాడు రెండు కొత్త ప్రతులు తీసి, ఒక్కొక్క పాటా మోగించి చూసి గాని లేవలేదు. ఆ చీకట్లో, యేడేళ్ల క్రితం పోయిన ఒక ముసలమ్మ గొంతు మా వసారాలో గొబ్బిపాట పాడింది.

యిప్పుడు వాడిని పండగపూట చాకిరీ యేమిటని అడగడం మానేశాను. కాఫీ మాత్రం అందిస్తున్నాను.