మాల్గుడి స్టేషనులో ఆగిన రైలు

1930లో బెంగుళూరులో ఒక యువకుడు బజారుకు వెళ్ళి నోటుపుస్తకం ఒకటి కొనుక్కువచ్చాడు. ఆ రోజు మంచిదని చెప్పినది అతని అమ్మమ్మ. పసివానికి అక్షరాభ్యాసం చేయించడానికి శుభదినం ఎంచినట్లే, మనుమని నవలారంభానికీ ఆమె శుభదినం ఎంచింది. కలం కొరుకుతూ కూర్చున్న ఆ యువకునికి కథ ఏదీ తోచలేదు. తోచినదల్లా ఒక చిన్న రైల్వేస్టేషను. దాని పేరు మాల్గుడి. ఏ పటంలోనూ లేని ఆ ఊరిలో ఒక రైలు వచ్చి ఆగినట్లు అతడు మొదటి వాక్యం వ్రాశాడు.

ఆ యువకుడే ఆర్.కె. నారాయణ్. ఆనాడు మొదలైన వ్యాసంగం ఆరు దశాబ్దాలకు పైగా సాగింది. పదిహేనుకు దగ్గరగా నవలలు, వందలాది కథలు, వ్యాసాలు ఆ కలం నుండి వెలువడ్డాయి. వ్రాయడం మొదలుపెట్టేవారు లోకంలో కోకొల్లలు. పదేళ్ళ తరువాత కూడా వ్రాస్తూ ఉండేవారు ఎందరు? ప్రోత్సాహం కరువైనప్పుడు, ఆదాయం లేనప్పుడు, చివరకు వ్రాయాలన్న కోరికే చచ్చిపోయినప్పుడు, కలం మళ్ళీ చేత బట్టించే శక్తి ఏది? ఈ ప్రశ్నకు నారాయణ్ జీవితమంత సూటిగా సమాధానం చెప్పే జీవితాలు మన దేశంలో అరుదు.

తొమ్మిది రూపాయల పన్నెండణాలు

ఆయన చదువులో మెరిసినవాడు కాడు. విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్ష తప్పాడు, అదీ ఇంగ్లీషులోనే! మైసూరులో ప్రధానోపాధ్యాయుడైన తండ్రి పాఠశాల గ్రంథాలయమే ఆ ఏడాది ఆయనకు కళాశాల అయింది. పట్టం పుచ్చుకున్న తరువాత చెన్నపట్నలో ఉపాధ్యాయోద్యోగం దొరికింది. వెళ్ళినట్లే వెళ్ళి తిరిగివచ్చాడు. తండ్రి మళ్ళీ పంపితే మళ్ళీ వచ్చేశాడు. ఇక ఉద్యోగం చేయనని, రచనే తన వృత్తి అని ఇంట్లో ప్రకటించాడు.

ఆ వృత్తిలో తొలి ఏడాది ఆర్జన తొమ్మిది రూపాయల పన్నెండణాలు. రెండవ ఏట ఒక కథకు పద్ధెనిమిది రూపాయలు వచ్చాయి. మూడవ ఏట పిల్లల కథ ఒకటి ముప్పై రూపాయలు తెచ్చింది. ఆ చెక్కు చూచి సంతోషించిన తండ్రి, ఇదే మొదటిదీ కడపటిదీ కాబోలునని చమత్కరించారట. అయినా ఆ ఇంట ఆయనకు భోజనం పెట్టి దెప్పినవారు లేరు. సృజనాత్మక జీవితానికి ప్రతిభ ఎంత అవసరమో, ఆ ప్రతిభ పండేవరకు ఓపిక పట్టే ఇల్లూ అంత అవసరం. ఉమ్మడి కుటుంబం మన సాహిత్యానికి చేసిన ఉపకారాన్ని లెక్కగట్టినవారు తక్కువ.

1934లో వివాహమైంది. కోయంబత్తూరులో వీధి కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకుంటున్న రాజంను చూచి, జాతకాలు కుదరలేదన్నా పట్టుబట్టి పెండ్లాడాడు. సంసారం గడవడానికి మద్రాసు పత్రిక ఒకదానికి మైసూరు విలేఖరిగా చేరాడు. ప్రతిఫలం అచ్చయిన వార్త పొడవును బట్టి ఉండేది. వార్తకోసం కచేరీలు, పోలీసు ఠాణాలు, అంగడివీధులు రోజూ తిరుగవలసివచ్చేది. తీరిక చిక్కక నవల ఆగిపోతున్నదని బాధపడవలసిన మనిషి, ఆ తిరుగుడులోనే నవలలకు కావలసిన మనుషులను పోగుచేసుకున్నాడు. మాల్గుడిలో తారసపడే గుమాస్తాలు, వకీళ్ళు, వడ్డీవ్యాపారులు, ముద్రాపకులు మైసూరు వీధులలో ఆయనకు ఎదురైనవారి బంధువులే.

థేమ్స్ నదిలో పడవలసిన నవల

'స్వామి అండ్ ఫ్రెండ్స్' వ్రాతప్రతి లండనులో ప్రచురణకర్తల గడపలు ఒకటొకటిగా ఎక్కి దిగింది. విసిగిన నారాయణ్, ఆక్స్‌ఫర్డులో చదువుకుంటున్న మిత్రుడు పూర్ణకు జాబు వ్రాశాడు: ఆ కాగితాలకు ఒక రాయి కట్టి థేమ్స్ నదిలో పడవేయమని! పూర్ణ ఆ పని చేయలేదు. వ్రాతప్రతిని గ్రాహం గ్రీన్ అనే యువ నవలాకారుని చేతిలో పెట్టాడు. గ్రీన్ చదివి, ముగ్ధుడై, ప్రచురణకర్తను తానే ఒప్పించాడు. 1935లో పుస్తకం వెలువడింది.

కథ ఇక్కడ సుఖాంతమైనట్లు చెప్పుకోవడం రివాజు. కాని పుస్తకం అమ్ముడుపోలేదు. 1937లో వెలువడిన రెండవ నవలకు మరొక ప్రచురణకర్తను, 1938 నాటి మూడవ నవలకు ఇంకొకరిని వెదకవలసివచ్చింది. మెప్పు దొరికింది, డబ్బు దొరకలేదు. ఆ రోజులలో ఆయనను నిలబెట్టినది పాఠకలోకం కాదు, ఒకే ఒక పాఠకుడు. గ్రీన్, నారాయణ్ తొలిసారి కలుసుకున్నది 1956లో. అంతవరకు ఇరవై ఏళ్ళ స్నేహం ఉత్తరాల మీదనే నడిచింది. తన రచనను శ్రద్ధగా చదివి, ఉన్నదున్నట్లు చెప్పగల ఒక్క వ్యక్తి ఉన్నా రచయిత ఒంటరివాడు కాడు.

మూగబోయిన కలం

1939లో టైఫాయిడ్ జ్వరం రాజంను పొట్టనబెట్టుకున్నది. ఐదేళ్ళ దాంపత్యం. మూడేళ్ళ పసిబిడ్డ హేమ. నారాయణ్ మళ్ళీ పెండ్లి చేసుకోలేదు. ఇక నవల వ్రాయడం తనవల్ల కాదనుకున్నాడు. ప్రచురణకర్తల తిరస్కారం ఒక విధమైన దెబ్బ. అది వెలుపలి నుండి తగులుతుంది. లోపలి ఊట ఎండిపోవడం వేరు. దానికి పట్టుదల మందు కాదు.

ఆయన తనను తాను బలవంతపెట్టలేదు. బిడ్డను పెంచుకున్నాడు. మద్రాసులో ఒక న్యాయవాది సహాయంతో పరలోకగతురాలైన భార్యతో సంభాషించడానికి ప్రయత్నించాడు. ఆ సంభాషణలలో నిజమెంత అన్నది ఎవరి నమ్మకం వారిది. వాటివల్ల ఆయన మనసు మాత్రం కుదుటపడింది. పత్రికలకు చిన్న కథలు, వ్యాసాలు వ్రాస్తూ వచ్చాడు. 'ఇండియన్ థాట్' అనే పత్రికను స్థాపించాడు. అది మూడు సంచికలతో ఆగినా, ఆ పేరిట ప్రారంభించిన ప్రచురణసంస్థ నిలిచింది. పెద్ద పని చేయలేని రోజులలో చిన్న పనులతో చేతిని మొద్దుబారనివ్వలేదు.

1945లో 'ది ఇంగ్లీష్ టీచర్' వెలువడింది. భార్యను టైఫాయిడుకు బలి ఇచ్చుకున్న ఒక అధ్యాపకుని కథ అది. తన దుఃఖానికి ఆయన అలంకారాలు తొడుగలేదు, దాచిపెట్టనూ లేదు. తేదీలు, మందులు, జ్వరం చూపిన డిగ్రీలు, వైద్యుని మాటలు అన్నీ దినచర్యగా చెప్పుకుపోయాడు. ఏ మరణం తన కలాన్ని మూగది చేసిందో, ఆ మరణమే ఆయనకు మాట తిరిగి ఇచ్చింది.

వాననీటి కథ

అటుపిమ్మట స్ఫూర్తి కోసం ఆయన ఆకాశం వంక చూడలేదు. ఒకప్పుడు మైసూరు ప్రాంతంలో అనావృష్టి వచ్చింది. కృష్ణరాజసాగరం అడుగంటింది. వర్షం కోసం కొందరు బ్రాహ్మణులు కావేరిలో మోకాలిలోతు నీటిలో నిలిచి పదకొండు రోజులు ఉపవాసముండి జపం చేశారు. పన్నెండవ నాడు వాన కురిసింది. ఊరంతా చూచిన సంఘటనే. నారాయణ్ మాత్రం ఒక ప్రశ్న వేసుకున్నాడు: ఆ నీటిలో నిలిచినవాడు నిజమైన సాధువు కాకపోతే? ఆ ప్రశ్న 1958లో 'ది గైడ్' నవల అయింది. 1960లో దానికి సాహిత్య అకాడమీ బహుమతి లభించింది. వ్రాసినది అమెరికాలో, బర్కిలీ నగరపు హోటలు గదిలో. తోడుగా తీసుకువెళ్ళినది మాత్రం ఎండిన కావేరినే.

కీర్తి వచ్చినా పద్ధతి మారలేదు. రోజూ వీధిలో నడక, ఎదురైనవారితో ముచ్చట, ఇంటికి వచ్చి కొన్ని పుటలు. 1992లో వెలువడిన 'ది గ్రాండ్‌మదర్స్ టేల్' నాటికి ఆయనకు ఎనభై అయిదేళ్ళు దాటాయి. తొలి వాక్యానికి శుభదినం ఎంచిన అమ్మమ్మ నోట విన్న కథకే ఆ వయసులో ఆయన తిరిగివచ్చాడు.

2001 మే నెల. చెన్నైలో ఆస్పత్రి మంచం మీద ఉన్నాడు. కొన్ని గంటలలో ఆయనను కృత్రిమ శ్వాసయంత్రంపై ఉంచవలసి ఉన్నది. పక్కనున్న పాత్రికేయుడు ఎన్. రామ్‌తో ఆయన తన తరువాతి నవల గురించి మాట్లాడాడు. ఒక తాతగారి కథ. వ్రాసుకునే పుస్తకాల విషయంలో మొదటి నుంచీ పట్టింపు గల మనిషి కనుక, మంచిది ఒకటి తెచ్చిపెట్టమని అడిగాడు. ఆ నవల ఆయన మొదలుపెట్టలేకపోయాడు. మే 13న కన్నుమూశాడు.

డెబ్భై ఏళ్ళనాడు బెంగుళూరులో కొన్న నోటుపుస్తకం, చెన్నైలో అడిగిన నోటుపుస్తకం: వాటి నడుమ దారిద్ర్యం, తిరస్కారం, వియోగం, కీర్తి అన్నీ వచ్చి వెళ్ళాయి. రెండు చోట్లా మనిషి అడిగినది మాత్రం ఒకటే. వ్రాసుకోవడానికి కొన్ని తెల్లకాగితాలు.