పాలు కారే రెండు చెట్లు

మాచర్ల నుంచి ఎత్తిపోతల వైపు వెళ్తే, చంద్రవంక లోయ అంచున నల్లమల అడవి మొదలవుతుంది. వానలు తక్కువ, నేల రాతినేల. ఎండాకాలం వచ్చేసరికి చాలా చెట్లు మోడువారతాయి. చెట్టును గుర్తించడానికి ఆకునే నమ్ముకున్న వృక్షశాస్త్ర విద్యార్థి ఇక్కడ చేతులెత్తేస్తాడు. అప్పుడు బెరడూ పువ్వూ పలుకుతాయి: తపసి చెట్టు తెల్లని బెరడు కాగితంలా పొరలు లేస్తుంది. కొండగోగు ఒక్క ఆకూ లేని కొమ్మల మీద పసుప్పచ్చని పెద్ద పూలు పూస్తుంది. వీటిని పోల్చుకోవడం తేలిక.

కష్టమంతా పాలచెట్ల దగ్గర. కొడిశె, పాలకొడిశ, అంకుడు అనే పేర్లు ఊరిని బట్టి రెండు వేర్వేరు చెట్లకు వాడుకలో ఉన్నాయి. ఒకటి రైటియా టింక్టోరియా, రెండోది హోలరీనా ప్యూబెసెన్స్. రెండింటికీ ఆకులు ఎదురెదురుగా వస్తాయి, తుంచితే తెల్లని పాలు కారతాయి, పూలు తెల్లన, కాయలు జంటగా వేలాడతాయి. కానీ పువ్వును చేతిలోకి తీసుకుని చూడండి. రైటియా పువ్వు గొంతు దగ్గర సన్నని కుచ్చు ఉంటుంది, హోలరీనాకు ఉండదు. లేత కాయల కొనలు అతుక్కుని ఉంటే రైటియా, విడిగా ఉంటే హోలరీనా. ఎండిన కాయ విప్పితే గింజకు పట్టులాంటి దూది కనిపిస్తుంది. అది కాయ తొడిమ వైపు ఉంటే రైటియా, కొన వైపు ఉంటే హోలరీనా.

ఇంత సూక్ష్మంగా చూడటం వృథా శ్రమ కాదు. రక్తవిరేచనాలకు వైద్యులు వాడిన బెరడు హోలరీనాది. అందులో కోనెసిన్ అనే ఆల్కలాయిడ్ ఉంది. హోలరీనా పేరుతో రైటియా బెరడు అమ్ముడై, మంచి మందుకు చెడ్డపేరు వచ్చిన సంగతి ఔషధ గ్రంథాలకు ఎక్కింది. రైటియాకూ దాని విలువ దానికుంది: ఆకుల నుంచి నీలిరంగు తీశారు, ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్ర ఇదే.

పేర్లు తికమక పెడతాయని వాటిని పారేయకూడదు. 1781 నుంచి సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ మొక్కల వర్ణనతో పాటు తెలుగు పేర్లూ రాసుకున్నాడు. అలాంటి తెలుగు పేరొకటి శాస్త్రంలోనూ నిలిచింది: జ్వరానికి వాడే సోమిద చెట్టు శాస్త్రనామం సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా. ఆ ప్రజాతి పేరు మన తెలుగు మాటే. ఆ మాటను కాపాడింది చెట్టును చూసి పేరు చెప్పిన జనం.

అడవికి వెళ్లే విద్యార్థులకు ఒక మనవి. నొక్కి ఎండబెట్టిన నమూనాలో పాలుండవు, వాసనుండదు, పువ్వు రంగు మిగలదు, చెట్టు ఎత్తు తెలియదు. కాబట్టి చెట్టు దగ్గర నిలబడే అవన్నీ చీటీలో రాయండి. ఊరి పేరు, తేదీ, అక్కడి పెద్దలు చెప్పిన చెట్టు పేరు వారి నోట విన్నట్టే రాయండి. పూవో కాయో లేని కొమ్మను మాత్రం తెంపకండి. అవి దొరికే కాలంలో మళ్లీ వెళ్లండి.