తులసివనములో గంజాయి మొక్క

మంచివారి నడుమ పుట్టిన దుష్టుని గూర్చి చెప్పవలసి వచ్చినపుడు తెలుగువారు "తులసివనములో గంజాయి మొక్క" యందురు. సామెతలో తులసి మంచికి గుర్తు, గంజాయి చెడుకు గుర్తు. సామెతకు ఆ విభజన చాలును గాని శాస్త్రమునకు చాలదు. ఈడ్పులతో తల్లడిల్లు పసిబిడ్డకు ఉపశమనము కలిగింపగల పదార్థమును, పదునెనిమిదేండ్ల యువకుని బుద్ధిని కలతపెట్టగల పదార్థమును ఆ యొక్క మొక్కలోనే యున్నవి.

"గంజాయిలో మందున్నదని చెప్పుచున్నారు. గంజాయి మోసినవానిని చెరసాలలో పెట్టుచున్నారు. ఈ రెంటిలో ఏది నిజము?" అని నేటి విద్యార్థి ఉపాధ్యాయుని అడుగుట సహజము. రెండును నిజమే. ఆ రెంటినడుమ నున్నది ఒక్క మాట: కొలత. ఏ పదార్థము, ఎంత, ఎవరికి, ఎవరి పర్యవేక్షణలో అను ప్రశ్నలకు సమాధానము దొరకిననాడే మొక్క మందగును. ఆ సమాధానమును వెదకుటకు లోకమునకు దాదాపు నూట ఎనుబదేండ్లు పట్టినది. ఆధునిక వైద్యశాస్త్రమున ఆ కథ ఆరంభమైనది భారతదేశముననే.

ముందు మొక్కను గూర్చి కొంత తెలిసికొనవలెను. గంజాయిలో ఆడమొక్కలు, మగమొక్కలు సాధారణముగా వేరువేరుగా నుండును. ఆడమొక్క పూగుత్తులపై సన్నని నూగు పుట్టును. ఆ నూగు కొనలందు జిగురు ఊరును. మత్తు కలిగించు పదార్థము ప్రధానముగా ఆ జిగురులోనిదే. పూగుత్తులను గంజాయి యనియు, వేరుచేసిన జిగురును చరస్ అనియు, ఆకులను నూరి చేసినదానిని భంగు అనియు వ్యవహరింతురు. ఆయుర్వేద గ్రంథములలో ఈ మొక్కకు 'విజయ' యను పేరు కలదు. తెలుగునాట పచ్చిరొట్టకును నారకును వేయు జనుము దీనికి చుట్టము కాదు. అది చిక్కుడు, పెసర మొదలగు కాయజాతుల కుటుంబమునకు చెందినది. ఇంగ్లీషున రెంటికిని ఒకే మాట కలిసిన పేర్లుండుటచే కొందరు పొరబడుదురు.

1833లో విలియమ్ బ్రూక్ ఓషానెసీ యను ఐర్లండు దేశపు యువవైద్యుడు ఈస్టిండియా కంపెనీ కొలువున చేరి కలకత్తాకు వచ్చెను. అచట 1835లో స్థాపింపబడిన వైద్యకళాశాలలో ఆయన రసాయనశాస్త్రమును బోధించెను. తరువాతి కాలమున భారతదేశమున తంతి మార్గములను నెలకొల్పినవాడును ఈయనయే. బజారులో దొరకు గంజాయిని దేశీయులు ఏయే రోగములకు వాడుచుండిరో ఆయన విచారించెను. మొదట జంతువులపైనను, పిమ్మట రోగులపైనను దానిని పరీక్షించి, 1839లో తన అనుభవములను ప్రకటించెను. ధనుర్వాత రోగుల కండరముల బిగువు సడలుటను ఆయన చూచెను. పిచ్చికుక్క కాటునకు లోనైనవాడు బ్రదుకకున్నను కడపటి గడియలందు వాని బాధ తగ్గుటను గమనించెను. నలుబది దినముల పసికందునకు ఈడ్పులు వచ్చి, తెలిసిన చికిత్సలన్నియు విఫలమైనపుడు, గంజాయి టింక్చరును చుక్కలు చుక్కలుగా ఇచ్చి చూచెను. బిడ్డ కోలుకొనెను.

ఈ వార్త ఇంగ్లండునకు, అచటినుండి ఇతర దేశములకు ప్రాకెను. కొన్ని దశాబ్దములు ఐరోపా అమెరికాలందలి మందుల దుకాణములలో గంజాయి టింక్చరు అమ్ముడుపోయెను. 1850లో అమెరికా ఔషధ సంహితలో దానికి చోటు దొరకెను. 1942లో ఆ చోటు పోయెను. చట్టముల ఒత్తిడి అందులకొక కారణము. కాని అంతకు చాల ముందే వైద్యులు విసిగియుండిరి. ఒక సీసాలోని మందు రోగిని మత్తులో ముంచును. అదే పేరుగల మరియొక సీసాలోని మందు ఏ పనియు చేయదు. మొక్క పెరిగిన నేల, కోసిన ఋతువు, నిలువ యుంచిన కాలము ఇవన్నియు దాని బలమును మార్చుచుండెను. నల్లమందునుండి మార్ఫీనును 19వ శతాబ్దారంభముననే వేరుచేసిరి. నీటిలో కరగు లవణముగా దానిని కొలిచి, సూదితో ఎక్కించుటకు వీలయ్యెను. గంజాయి జిగురు నీటిలో కరగదు. అందలి సారమేదో ఎవరికిని తెలియదు. సారమే తెలియని మందును కొలుచుట ఎట్లు? కలకత్తా బిడ్డను కాపాడిన ఔషధము ఈ ప్రశ్నకు జవాబు లేక మూలబడినది.

1940 ప్రాంతమున అమెరికాలో రోజర్ ఆడమ్స్, ఇంగ్లండులో అలెగ్జాండర్ టాడ్ ఈ జిగురును శోధించి కొన్ని పదార్థములను వేరుచేసిరి. ఐనను మత్తునకు మూలమైన పదార్థపు నిర్మాణము తేలలేదు. ఆ ముడిని విప్పినవాడు ఇజ్రాయెల్ శాస్త్రవేత్త రఫాయెల్ మెషూలమ్. 1960 దశకారంభమున ఆయన పోలీసులు పట్టుకొన్న చరస్‌లో 5 కిలోలు అడిగి తీసికొని, సంచిలో పెట్టుకొని, అందరితోపాటు బస్సులో కూర్చుండి ప్రయోగశాలకు తెచ్చెను. ఆరోగ్యశాఖ అనుమతి లేకుండ అట్లు తీసికొనరాదనియు, ఇచ్చినవారును పుచ్చుకొన్న తానును చట్టమును మీరినట్లే యనియు ఆయనకు పిమ్మట తెలిసెను. క్షమాపణ చెప్పుకొని, అనుమతి పొంది, పని సాగించెను. 1963లో కెనబిడయాల్ నిర్మాణమును, 1964లో యెహియెల్ గవోనితో కలిసి టెట్రాహైడ్రోకెనబినాల్ నిర్మాణమును ఆయన ప్రకటించెను. మొదటిదానిని సి.బి.డి. అనియు, రెండవదానిని టి.హెచ్.సి. అనియు క్లుప్తముగా పిలుతురు.

రసాయనశాస్త్రము చదువు విద్యార్థికి ఇందొక వింత కలదు. ఈ రెండు పదార్థముల అణువులందును 21 కర్బన పరమాణువులు, 30 ఉదజని పరమాణువులు, 2 ఆమ్లజని పరమాణువులు మాత్రమే యున్నవి. లెక్కలో ఇసుమంతయు తేడా లేదు. టి.హెచ్.సి.లో ఒక ఆమ్లజని పరమాణువు ప్రక్కనున్న కర్బనముతో చేయి కలిపి ఒక వలయమును మూయును. సి.బి.డి.లో ఆ వలయము తెరచియే యుండును. గొళ్లెము వేసిన తలుపునకును, వేయని తలుపునకును గల భేదమంతియే. కాని మూసిన వలయము మత్తు కలిగించును, తెరచిన వలయము కలిగింపదు. ఈ రెండే కాక వీని వర్గమునకు చెందిన పదార్థములు నూటికి పైగా ఈ మొక్కలో కనుగొనబడినవి.

ఈ పదార్థము మెదడుపై ఎట్లు పనిచేయుచున్నదను ప్రశ్నకు 1988లో అమెరికాలో ఆలిన్ హౌలెట్, విలియమ్ డెవేన్ సమాధానము కనుగొనిరి. ఎలుక మెదడులో టి.హెచ్.సి. వంటివి పట్టుకొను ప్రత్యేక గ్రాహకములున్నట్లు వారు నిరూపించిరి. ఎక్కడి మొక్కకో సరిపడు తాళములను ప్రకృతి మెదడులో ఏల అమర్చును? శరీరమే తయారుచేసికొను తాళపుచెవి యొకటి ఉండియుండవలెను. 1992లో మెషూలమ్ ప్రయోగశాలలో అది దొరకెను. దానికి సంస్కృతమునందలి 'ఆనంద' శబ్దమును చేర్చి 'ఆనందమైడ్' అని పేరు పెట్టిరి. జ్ఞాపకశక్తి, ఆకలి, నొప్పి, కదలిక మొదలైనవానిని అదుపుచేయుటలో ఈ వ్యవస్థకు పాత్ర కలదని తరువాతి పరిశోధనలు తెలిపినవి. బయటినుండి వచ్చిన టి.హెచ్.సి. ఆ తాళములన్నిటిని ఒక్కసారిగా త్రిప్పివేయును. మత్తన నదియే.

పదార్థము తెలిసినది. ఇక కొలత సాధ్యమైనది. 1980లో బ్రెజిల్ దేశమున మూర్ఛరోగులపై ఒక చిన్న పరీక్ష జరిగెను. మందులకు లొంగని మూర్ఛగల 8 మందికి సి.బి.డి. ఇయ్యగా నలుగురికి ఈడ్పులు దాదాపు పూర్తిగా నిలిచెను, ముగ్గురికి కొంత తగ్గెను. అంత చిన్న పరీక్షతో నిర్ణయమునకు రాజాలరు. 2017లో డ్రావే వ్యాధి యను కఠినమైన బాల్యమూర్ఛ గల 120 మంది పిల్లలపైనను యువకులపైనను జరిగిన పరీక్ష ఫలితములు వెలువడెను. సగము మందికి సి.బి.డి., మిగిలినవారికి మందులేని ద్రవము ఇచ్చిరి. ఎవరికేది ఇచ్చుచున్నదియు ఇచ్చువారికిని తెలియదు, త్రాగువారికిని తెలియదు. మందు పుచ్చుకొన్నవారిలో నెలకు 12.4గా నున్న ఈడ్పుల మధ్యగత సంఖ్య 5.9కి దిగెను. రెండవ వర్గమున 14.9నుండి 14.1కి మాత్రమే దిగెను. వాంతులు, విరేచనములు, నిద్రమత్తు, కాలేయమునకు సంబంధించిన మార్పులు కొందరిలో కనబడినవి. ఆ లాభమును, ఈ నష్టమును త్రాసులో తూచి, 2018 జూన్ నెలలో అమెరికా ప్రభుత్వ ఔషధశాఖ ఈ మందును రెండు అరుదైన బాల్యమూర్ఛలకు అనుమతించెను. కలకత్తా బిడ్డ కథ అచ్చయిన 179 ఏండ్లకు ఆ అనుభవమునకు శాస్త్రప్రమాణము లభించినది.

మరికొన్ని మందులును కలవు. ప్రయోగశాలలో తయారైన టి.హెచ్.సి.ని క్యాన్సరు చికిత్సవలన కలుగు వాంతులకు 1985లో అమెరికా అనుమతించెను. టి.హెచ్.సి., సి.బి.డి. కలిసిన నోటి తుంపర మందును మల్టిపుల్ స్క్లెరోసిస్ అను నరముల వ్యాధి రోగులకు కెనడా 2005లోను, బ్రిటను 2010లోను అనుమతించెను. నిరూపితమైన పట్టిక ఇంచుమించు ఇంతటితో ముగియును. గంజాయి నూనెతో క్యాన్సరు మానునను ప్రచారమునకు మనుష్యులపై జరిగిన పరీక్షల ఆధారము లేదు. సి.బి.డి.కి మత్తు లేకున్నను, కొన్ని మూర్ఛ మందులతోను, రక్తము గడ్డకట్టకుండుటకు వాడు వార్ఫరిన్‌తోను కలిసినపుడు వాని బలమును మార్చగలదు. కావున వైద్యునికి తెలియకుండ దానిని వాడుట ప్రమాదకరము.

పొగగా పీల్చు గంజాయి మాట వేరు. అందు ఎంత టి.హెచ్.సి. యున్నదో అమ్మువానికే తెలియదు. స్వీడను దేశమున సైన్యమునకు పిలువబడిన 45,570 మంది యువకులను 15 ఏండ్లపాటు గమనించి 1987లో ఫలితములు ప్రకటించిరి. ఏబది సారులకు మించి గంజాయి వాడినవారికి స్కిజోఫ్రీనియా యను మనోవ్యాధి ఆరు రెట్లధికముగా వచ్చినట్లు తేలెను. వారి జీవితములందలి ఇతర కారణములను లెక్కకు తెచ్చిన తరువాత ఆ నిష్పత్తి తగ్గినది గాని సమసిపోలేదు. మెదడు ఇరువది ఏండ్లు దాటినను పరిణతి చెందుచునే యుండును. పాఠశాల వయస్సున వాడుకకు లోబడినవారి శ్రద్ధకును జ్ఞాపకశక్తికిని హాని యెక్కువ. వ్యసనమగు అవకాశమును వారికే యెక్కువ.

ఇక చట్టము. 1893లో ఆంగ్లప్రభుత్వము ఏడుగురు సభ్యుల విచారణ సంఘమును నియమించెను. అందు ముగ్గురు భారతీయులు. 1,193 మంది సాక్షులను విచారించి 1894లో సమర్పించిన నివేదికలో, మితమైన వాడుకవలన పెద్ద హాని లేదనియు, అమితమైన వాడుక హానికరమనియు, నిషేధించుటకంటె పన్నులతో అదుపుచేయుట మేలనియు సంఘము తెలిపెను. భారతీయ సభ్యులలో ఇద్దరు దానితో ఏకీభవింపలేదు. 1961 నాటి అంతర్జాతీయ ఒప్పందము గంజాయిని కఠిన నియంత్రణ గల మాదకద్రవ్యములలో చేర్చెను. వైద్యేతరమైన వాడుకను మాన్పించుటకు దేశములకు 25 ఏండ్ల గడువు ఇచ్చెను. భారతదేశమున 1985లో మాదకద్రవ్యముల చట్టము అమలునకు వచ్చెను.

ఆ చట్టపు నిర్వచనమే కొలతతో ఆరంభమగును. పూగుత్తులు గంజాయి, జిగురు చరస్. పూగుత్తులు లేని ఆకులును, గింజలును ఆ నిర్వచనమునకు వెలుపల నున్నవి. అందుచేతనే కొన్ని రాష్ట్రములలో భంగు అనుమతితో అమ్మబడుచున్నది. వైద్యమునకు, శాస్త్రపరిశోధనకు అనుమతి పొందు మార్గమును చట్టము తెరచియే యుంచినది. నారకొరకును గింజకొరకును, టి.హెచ్.సి. 0.3 శాతమునకు మించని జాతిని పెంచుటకు ఉత్తరాఖండ్ ప్రభుత్వము అనుమతులిచ్చుచున్నది. 2020 డిసెంబరు 2న ఐక్యరాజ్యసమితి సంఘము 27 ఓట్లతో, 25 వ్యతిరేక ఓట్లపై, గంజాయిని అతి కఠినమైన నాలుగవ పట్టికనుండి తొలగించెను. భారతదేశము తొలగింపునకు అనుకూలముగా ఓటు వేసెను. వైద్యప్రయోజనమును గుర్తించుటయే దాని భావము. మొదటి పట్టికలోని నియంత్రణ అట్లే నిలిచియున్నది. 2022లో ఆంక్షలను సడలించిన థాయిలాండు 2025లో మరల వైద్యుని చీటీ తప్పనిసరి చేసినది.

దండనయు కొలతను బట్టియే. గంజాయి 1 కిలోవరకు చిన్న పరిమాణము. దానికి ఒక ఏడాదివరకు కఠిన కారాగారము గాని, 10,000 రూపాయలవరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. 1 కిలో దాటి వాణిజ్య పరిమాణమునకు లోపలనున్నచో శిక్ష పదేండ్లవరకు పోవును. 20 కిలోలు వాణిజ్య పరిమాణము. దానిని మించినచో పదేండ్లకు తక్కువ కాకుండ ఇరువది ఏండ్లవరకు శిక్ష. అట్టి కేసులందు బెయిలు దొరకుట మిక్కిలి కష్టము. సంచిలో ఏమున్నదో తెలియదనుట చాలదు. తెలియదని నిరూపించుకొనవలసిన భారము నిందితునిదే.

విశాఖ మన్యమున, నేటి అల్లూరి సీతారామరాజు జిల్లాలో, ఈ అంకెలకు ప్రాణములున్నవి. కాఫీ, మిరియము పండు ఆ కొండలలో గంజాయి తోటలు రహస్యముగా పెరిగెను. 2021లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు 'ఆపరేషన్ పరివర్తన' పేర వానిని నరికించి, గిరిజనులను వేరు పంటలవైపు మరలించుటకు పూనుకొనిరి. పెట్టుబడి పెట్టిన వ్యాపారి దూరముగా నుండును. మూట మోయువాడు దగ్గర దొరకును. కూలి కొరకు ఒక్క రాత్రి మోసిన మూట యువకుని జీవితమున పదేండ్లను మ్రింగివేయగలదు. సి.బి.డి. మూర్ఛకు మందన్న మాట న్యాయస్థానమున ఆ మూటకు అడ్డురాదు.

వ్యసనమున చిక్కినవానికి ఈ చట్టముననే యొక ద్వారము కలదు. వాడుకకై గాని, చిన్న పరిమాణమునకై గాని పట్టుబడిన వ్యసనపరుడు స్వచ్ఛందముగా గుర్తింపుపొందిన కేంద్రమున చికిత్సకు లోబడినచో 64ఎ విభాగము అతనికి విచారణనుండి రక్షణ కల్పించును. ఆ చికిత్సను నడుమ విడిచినచో ఆ రక్షణ పోవచ్చును. ఈ సంగతి తెలియక భయముతో బిడ్డ వ్యసనమును దాచిపెట్టు తల్లిదండ్రులకు ఉపాధ్యాయుడు చెప్పదగిన మాట యిది.

విద్యార్థి ప్రశ్నకు "అంతయు విషము" అని కసరినచో, రేపు అతడు మూర్ఛమందును గూర్చి పత్రికలో చదివి ఉపాధ్యాయుని తక్కిన మాటలనుగూడ నమ్మడు. "అంతయు ఔషధము" అనినచో అంతకంటె పెద్ద కీడు కలుగును. పిల్లలు పుచ్చుకొన్నది ఎంత బలముగలదో తెలిసిన, స్వచ్ఛమైన సి.బి.డి. ద్రవము. వైద్యుడు శరీరపు బరువునుబట్టి దానిని కొలిచి యిచ్చెను. వీధిలో పొట్లముగా దొరకునది పేరు తెలియనివాడు చేతిలో పెట్టిన పొడి. రెండును ఒక మొక్కనుండియే వచ్చినవి. ఆ రెంటికి గల భేదమును తరగతిగదిలో దాపరికము లేకుండ చెప్పినచో, పొట్లము చేతికి వచ్చిననాడు విద్యార్థికి ఆ మాట జ్ఞప్తికి వచ్చును.